పసుపు చేప నోరు తెరిచిన శుక్రవారం

పొద్దున లేవగానే ఏడుకొండలు చేసే మొదటి పని చేపల్ని లెక్కపెట్టడం. రెండో పని, మళ్లీ లెక్కపెట్టడం. తొట్టిలో ఉన్నవి ఏడే చేపలు. ఆ ఏడింటికీ ఆయనకు పావుగంట పట్టేది. ఎందుకంటే రాతి సందులోకి దూరిన చేప, బయటికొచ్చిన చేప ఒకటేనని ఎవరు పూచీ?

అనుమానంలో ఆయనంతటి మొనగాడు పిట్లం నుంచి నస్రుల్లాబాద్ దాకా పుట్టలేదు, ఇకముందు పుట్టబోడు. పాలచుక్క నాలుక మీద వేసుకుని, గేదె ఆ పూట ఏ కుంటలో నీళ్లు తాగిందో చెప్పేవాడు. ఒకసారి పిట్లం బస్సులో పక్కసీటు మనిషి దగ్గితే, ఇది రోగపు దగ్గు కాదు, ఎవరికో సైగ అని తేల్చుకుని, మూడు మైళ్లు ముందే దిగి ఎండలో నడిచొచ్చాడు. మంగలి ముందొక అద్దం, వెనకొక అద్దం పెడితేగాని తల వంచేవాడు కాదు. కుక్కను పెంచుకోమని ఎవరో అంటే, రొట్టెముక్క వేసిన ప్రతివాడికీ తోక ఊపే జంతువును నమ్మి ఇల్లు వదిలిపెట్టమంటారా అని అడిగాడు. చేపలకు తోక ఊపడం తప్ప వేరే పని లేదు, అదీ ఎవరికోసమూ కాదు. అందుకని ఆయనకు చేపలు నచ్చాయి.

వాటిని తెచ్చిచ్చింది బజారులో బట్టల దుకాణం ఫజల్. చీరల బేళ్ల కోసం ఏడాదికి రెండుసార్లు బొంబాయి పోయే మనిషి. ఎనభై ఒకటిలో అలా పోయినప్పుడు, గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో వేలెడంత పిల్లల్ని తెచ్చి ఏడుకొండలు చేతిలో పెట్టాడు. వీటిని సిక్లిడ్ చేపలంటారట, ఆఫ్రికాలో సముద్రమంత చెరువులో పుడతాయట. మగవాటిది నెమలి మెడ నీలం, దానిమీద నల్లచారలు. ఆడవి పండిన నిమ్మకాయ పసుపు. మంచినీళ్లలో అవి ముడుచుకుపోతాయట, కాస్త ఉప్పదనం, గట్టిదనం ఉన్న నీళ్లు కావాలట. బాన్సువాడలో ఏడుకొండలు ఇంటి బావినీళ్లలో కందిపప్పు జన్మలో ఉడకదు. ముప్పై ఏళ్లుగా ఊరు తిట్టిన ఆ నీళ్లలో ఆఫ్రికా చేపలు ఆరునెలల్లో అరచేతంత అయ్యాయి.

ఇనుప చట్రానికి లప్పం పెట్టి గాజు బిగించిన తొట్టి అది. నదిరాళ్లు గుహల్లా పేర్చి ఉండేవి. కరెంటు పోతే గాలిమోటారు ఆగుతుంది కదా, అందుకు ఏడుకొండలు సైకిలు ట్యూబులో గాలి నింపి, దవాఖానలో వాడి పారేసిన సెలైను గొట్టం బిగించి, బుడగ తరవాత బుడగ నీళ్లలోకి వదిలేవాడు. ఒకసారి రెండు రోజులు కరెంటు లేకపోతే నూట పన్నెండుసార్లు ట్యూబు కొట్టాడు. ఆ భుజాలతో ఆ వారం గోడ ఆనుకుంటే గోడే కదిలిందంటారు.

మొదటిసారి పసుపు చేప ఇసుకలో గుడ్లు పెట్టి, తిరిగి ఒక్కొక్కటే నోట్లోకి తీసుకోవడం ఏడుకొండలు కళ్లారా చూశాడు. చూసి, కన్నతల్లే కడుపు పంటను మింగేసిందని తీర్పు చెప్పాడు. దాన్ని పట్టి ఇత్తడి గంగాళంలో ఒంటరిగా వేసి, మేత ఆపేసి శిక్ష విధించాడు. అది మేత అడగనూ లేదు, దవడ కదపనూ లేదు. పంతొమ్మిది రోజులు అలాగే ఉంది. ఇరవయ్యో రోజున నోరు తెరిస్తే ముప్పై పిల్లలు ఈదుకుంటూ బయటికొచ్చాయి. వాటి వెనకే, బోరింగు దగ్గర ఎదురింటి జమునాబాయి పోగొట్టుకున్న ముక్కుపుడక కూడా వచ్చింది. ఏడుకొండలు చేపకు క్షమాపణ చెప్పలేదు. గంగాళం మాత్రం తోమించి అటక ఎక్కించేశాడు.

అప్పటినుంచి ఆ వీధిలో ఎవరిది ఏది జారిపోయినా పసుపు చేప నోట్లో చేరేది. హెడ్మాస్టరు గారి కట్టుడు పన్ను, బడిగంట నాలుక, సంతలో జారిన చెవికమ్మ, ఏదైనా సరే. పొద్దున్నే నీళ్లకు పోతూ ఆడవాళ్లు ఏడుకొండలు భార్య నాగేంద్రమ్మను గుమ్మంలోనే అడిగేవాళ్లు, నోరు మూసిందా వదినా అని. మూసిందంటే ఇక వెతుకులాట మానేసి ఎవరి పని వాళ్లు చూసుకునేవాళ్లు. నాలుగు రోజులకో ఆరు రోజులకో అలికిడి లేని వేళ చూసి అది వదిలేసేది. దొంగిలించినవి మాత్రం రావు. అమ్ముకుని పోయిందని చెప్పినవీ రావు. ఫజల్ దుకాణంలో కత్తెర పోతే చేప నోరు మూయనే లేదు. తరవాత ఆ కత్తెర దొరకాల్సిన ఇంట్లోనే దొరికింది.

ఎనభై మూడు మార్చిలో, ఒక శనివారం, చివరి తూము తాళంచెవి పోయింది.

కాలువ తూములు తీసి మూసే లష్కరు పేరు ముత్యం. నిజాంసాగర్ కాలువ తవ్వకముందు వాళ్ల తాత ఊరి చెరువుకు నీరడి. ఆ ఇంట్లో నీళ్లు పంచడం తప్ప మరో విద్య లేదు. ఆదివారం కాలువ చివరి పొలాలకు వంతు. ఏడుకొండలు వరి నాలుగెకరాలూ పొట్ట మీదున్నాయి. తెల్లారి రైతులంతా కట్టమీదికి వస్తే, తూముకు తాళం అలాగే వేలాడుతోంది. ముత్యం తువ్వాలు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"తాళంచెవి పోయిందన్నా. జేబులనే ఉండె. కట్ట మీదికెల్లి నడుసుకుంట వచ్చిన, చెయ్యి పెడితే లేదు. గంతే."

"గంతే అంటే ఎట్లా ముత్యం? తాళంచెవికి కాళ్లొచ్చాయా?" అన్నాడు ఏడుకొండలు. అంటూనే కిందికి చూశాడు. ముత్యం కాళ్లకు కొత్త చెప్పులున్నాయి.

ఇక చూడాలి ఆయన బుర్ర పరుగు. చివరి తూము తెరుచుకోకపోతే ఆ నీళ్లు ఎవరికి మిగులుతాయి? ఎగువ రైతులకు. మొన్న శుక్రవారం టీకొట్టు దగ్గర ముత్యం ఎవరి పక్కన నిలబడ్డాడు? ఎగువ రైతు పక్కన. ఆ టీ ఎవరు పోయించారు? చెప్పులు ఎవరు కొన్నారు? మధ్యాహ్నానికల్లా నాలుగు పేజీల అర్జీ తయారైంది. నలభై రెండు కారణాలు, ఒక్కొక్కదానికీ అంకె. పదకొండు మంది దిగువ రైతులు కింద సంతకాలు పెట్టారు. ప్రభుత్వ తాళం పగలగొడితే కేసవుతుంది కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు. రెండో తాళంచెవి ఓవర్సీరు దగ్గరుంది. ఆయన సెలవులో ఉండి, శుక్రవారం జీపులో వస్తానని కబురు పంపాడు. ఇంకో మాట కూడా పంపాడు. తాళంచెవి పోగొట్టుకుని ఉంటే ముత్యానికి చీవాట్లతో సరి. అమ్ముకుని ఉంటే చొక్కా మీది సర్కారు బిళ్ల ఊడబెరికి ఇంటికి పంపుతాడు. ఏదన్నది చేప చెప్తుంది కదా, తను వచ్చేలోగా తేల్చిపెట్టమన్నాడు.

చేప ఆ శనివారమే నోరు మూసింది. దవడ కింద సంచి ఉబ్బి ఉంది. ముత్యం భార్య పోసవ్వ ఆ మాట విని గుమ్మంలోనే కూలబడి దండం పెట్టింది. కానీ ఏడుకొండలును అంత తేలిగ్గా పడగొట్టలేరు. వారం రోజులుగా నీలం మగచేప దాని చుట్టూ తిరుగుతోంది. లోపల ఉన్నది తాళంచెవి అని ఎవరన్నారు? గుడ్లయితే? గుడ్లయితే మూడు వారాలు, ఈలోగా ముత్యం మరో కథ అల్లుకుంటాడు. పైగా తను లేని వేళ ఎవరైనా ఇంట్లో దూరి, మారు తాళంచెవి ఒకటి నీళ్లలో వేసిపోతే?

అందుకని సోమవారం నుంచి తొట్టి ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. కూర్చోవడమంటే మనం కూర్చునేది కాదు. ఒక మధ్యాహ్నం రెప్పవేయకుండా మూడు గంటల నలభై నిమిషాలు చూశాడు. గోడమీది బల్లి పోటీకి దిగి, ఓడిపోయి, దూలం ఎక్కేసింది. అన్నం అక్కడే, చుట్ట అక్కడే. ముత్యాన్నీ పోసవ్వనూ గడప తొక్కనివ్వొద్దని భార్యకు చెప్పాడు. చేప ఒక మూల చేరి, ఆయన వైపు ఒక కన్ను పెట్టి, దవడ బిగించుకుని ఉండిపోయింది. మంగళవారం గడిచింది. బుధవారమూ గడిచింది. ముక్కుపుడకకు లేని మొండితనం, పన్నుకు లేని మొండితనం ఇప్పుడు పట్టుకుంది దానికి.

గురువారం పొద్దున స్నానం చేసి వస్తుంటే నాగేంద్రమ్మ వంటింట్లోంచి వచ్చి చెప్పింది.

"మీరలా గుడ్లురిమి చూస్తుంటే అదెలా తెరుస్తుందండీ? ఇందాక మీరు అటు వెళ్లగానే కాస్త తెరిచింది. తాళంచెవే. దాని పళ్లవైపు ముందుంది, నేను చూశాను. మీ చెప్పుల చప్పుడు వినపడగానే మళ్లీ లోపలికి లాగేసుకుంది."

ఏడుకొండలు తువ్వాలు పిండుతూ ఆలోచించాడు. ఇవాళ నీళ్లు కాగాయి రండి, కాగాయి రండి అని రెండుసార్లు పిలిచింది ఎందుకు? నాట్లకు వచ్చినప్పుడు ఈమె, పోసవ్వ గట్టుమీద కూర్చుని గంటలు గంటలు ఏం మాట్లాడుకున్నారు? ముప్పై ఏళ్ల కాపురంలో ఈమె అబద్ధమాడిన సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు. అదే ఆయనకు మరీ అనుమానంగా తోచింది.

సరే, పరీక్షిద్దామనుకున్నాడు. దుప్పటి కప్పుకుని, చిన్న కన్నం పెట్టి, బియ్యపు బస్తాల మధ్య బస్తాలా కూర్చున్నాడు. నాగేంద్రమ్మ వచ్చి ఆయన నెత్తిమీద చేట పెట్టిపోయింది, అంత బాగా కుదిరింది వేషం. చేప మాత్రం సరిగ్గా ఆ కన్నం వైపు తిరిగి చూసింది. తలుపు వెనక నిలబడి అద్దంలో చూశాడు. అద్దంలోంచీ అది ఆయన్నే చూసింది. ఇక లాభం లేదని ఫజల్‌ను పిలిపించి, నోరు పట్టి తెరిస్తే ఏమవుతుందని అడిగాడు. బలవంతం చేస్తే మింగేస్తుందనీ, మింగింది ఇక ఈ లోకానికి రాదనీ చెప్పాడు ఫజల్. తరవాత టీ తాగుతూ, తొట్టి వంక చూస్తూ నిమ్మళంగా అన్నాడు.

"అది ఆడచేప అన్నా. నోట్ల ఉన్నదాన్ని ఎవడన్న గుంజుకుంటడేమోనని దాని ఫికర్. నీ సూపులనే గుంజుకునుడు ఉన్నది. ఇగ అదెందుకు తెరుస్తది?"

ఫజల్‌కూ ముత్యానికీ ఏమైనా లావాదేవీ ఉందా, ఆ చెప్పులు ఫజల్ దుకాణం పక్కదుకాణానివేనా అని ఏడుకొండలు లోపల్లోపల లెక్క వేసుకుంటున్నాడు.

శుక్రవారం ఎనిమిదిన్నరకు ముత్యమే వచ్చాడు. ఉతికిన ఖాకీ చొక్కా, దానిమీద తోమిన ఇత్తడి బిళ్ల. సాయంత్రానికి ఆ బిళ్ల ఎవరి చేతికి పోతుందో తెలిసినట్టే ఉంది, మధ్యమధ్య దాన్ని తడుముకుంటున్నాడు. పోసవ్వ పార పట్టుకుని వీధి వాకిలి అవతల నిలబడింది, లోపలికి రాలేదు. ఓవర్సీరు పదింటికల్లా వస్తాడని ముత్యం చెప్పాడు. గడప బయటే ఆగాడు.

"ఒక్కపాలి నన్ను దానిముంగట కూసోనియ్యి అన్నా. నువ్వు లేకుంట."

నిందపడ్డ మనిషిని సాక్ష్యం దగ్గర ఒంటరిగా వదలడం. ఏడుకొండలు అర్జీలో లేని నలభై మూడో కారణం కళ్లముందు కదిలింది. వీడి మొలలో ఏముందో, తలగుడ్డలో ఏముందో ఎవడు చూశాడు? లోపలికెళ్లి, నీళ్లలో చెయ్యిపెట్టి, ఇదిగో దొరికిందంటే?

ముత్యం ఆ ముఖం చదివాడు. తలగుడ్డ విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. రెండు చేతులూ పక్కలకు చాచాడు.

"తనిఖీ చేస్కో. మొలతాడు దాక జూడు. ఇయ్యాల నాకు సిగ్గు లేదు."

ఏడుకొండలు లోపలికి రమ్మని, తొట్టి ముందు నిలబెట్టి, వెతకడానికి చేతులెత్తాడు. ఎత్తగానే కంటిమూల ఏదో కదిలింది. పసుపు చేప ఆ చేతుల్ని చూసింది. రాతిగుహలోకి వెనక్కి వెనక్కి జరుగుతోంది. దవడ ఎంత బిగించిందంటే మొప్పలు కూడా ఆడడం లేదు. ఈ రెండేళ్లలో అది ఎప్పుడూ అలా జరగలేదు. చేతులు ఇంకో జానెడు ముందుకు వెళ్తే అది సాయంత్రం దాకా బయటికి రాదని ఆయనకు తెలిసిపోయింది. మింగినా మింగేస్తుంది. పదింటికి జీపు వస్తుంది. వెతికితే చేప తెరవదు. చేప తెరవాలంటే వెతకకూడదు. గోడ గడియారం తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ముత్యం చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

ఏడుకొండలు తన చేతులు దించాడు.

"నేను వాకిట్లో ఉంటాను" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

వాకిట్లోకి వచ్చి ఇంటికి వీపుపెట్టి నిలబడ్డాడు. ఆయన వెనక తలుపు తెరిచే ఉంది. ఎదురుగా జమునాబాయి కిటికీ అద్దంలో తన ఇంటి లోపలంతా కనిపిస్తుందని ఆయనకు తెలుసు, పదేళ్లుగా ఆ అద్దంలో చూస్తూనే ఉన్నాడు. తల ఎత్తితే చాలు. ఎత్తలేదు. నేలమీద చీమలబారు చూస్తూ నిలబడ్డాడు. వెనక ఎక్కడో నీళ్లు కదిలిన చప్పుడయింది. మెడ ఒక్కసారి గట్టిపడింది. తిరగలేదు. ఎంతసేపని ఎవరూ లెక్కపెట్టలేదు. ఇందులో కలిపి చెప్పడానికేమీ లేదు. తిరగలేదు, అంతే.

ముత్యం బయటికొచ్చాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తడిసి ఉంది, పిడికిలి మూసి ఉంది. ఏడుకొండలును దాటి నడిచి, వాకిలి దగ్గర పోసవ్వ చేతిలో పార అందుకుని, ఆగకుండా కాలువ వైపు సాగిపోయాడు. ఆ పిడికిలి తెరువు, చూపించు అన్న మాట ఏడుకొండలు గొంతు దాకా వచ్చింది. నాలుక మీదికీ వచ్చింది. నోరు తెరిస్తే బయట పడేదే. ఆయన దవడ బిగించుకున్నాడు. ముత్యం మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు. పోసవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ భర్త వెనక పరుగెత్తింది.

జీపు పదిన్నరకు వచ్చింది. ఓవర్సీరు సంచిలోంచి అచ్చువేసిన కాగితం తీసి జీపు బానెట్టు మీద పరిచాడు. తాళంచెవి దొరికిందని దారిలోనే విన్నాడు, ఆశ్చర్యమేమీ పోలేదు. చేప నోట్లోంచి వచ్చిన సర్కారు సొత్తుకు కళ్లతో చూసిన మనిషి సంతకం కావాలని, ఇంటి యజమానిదైతే మేలని చెప్పాడు.

"బయటికి రావడం మీరు చూశారా?"

ఏడుకొండలు తన జీవితంలో చూడనిదానికి సంతకం పెట్టలేదు. పెళ్లినాడు కూడా పురోహితుడు చెప్పిన అరుంధతి నక్షత్రం మబ్బుచాటున ఉందని, చూశానని అననంటే అననని, మబ్బు తొలిగేదాకా ముహూర్తపు జనాన్నంతా నిలబెట్టిన మనిషి.

"చూశాను" అన్నాడు.

"ఏ వైపు ముందొచ్చింది? ఇక్కడ గడి ఉంది, నింపాలి."

గుమ్మంలో నాగేంద్రమ్మ నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు.

"పళ్లవైపు."

ఓవర్సీరు రాసుకున్నాడు. ఏడుకొండలు సంతకం పెట్టాడు, పూర్తి పేరు, తండ్రిపేరుతో సహా. తరవాత ఓవర్సీరు, మీ అందరూ కలిసి రాసిన అర్జీ ఏదో ఉందట గదా అన్నాడు. ఉంది, ఇంకా పూర్తి కాలేదు అన్నాడు ఏడుకొండలు. పూర్తయ్యాక పంపమని చెప్పి ఓవర్సీరు జీపెక్కాడు. అది ఎన్నటికీ పూర్తి కాలేదు. ముత్యం మరో పద్దెనిమిదేళ్లు ఆ బిళ్ల పెట్టుకుని, ఆ తూము తీస్తూ మూస్తూ, పింఛను తీసుకుని దిగాడు.

జీపు వెళ్లాక నాగేంద్రమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందిస్తూ, మీరు నిజంగా చూశారా అని అడగలేదు. ఆయనా, నువ్వు నిజంగా చూశావా అని అడగలేదు. మజ్జిగ వాసన చూడకుండా తాగేసి చేనుకు నడిచాడు.

మిట్టమధ్యాహ్నానికి కాలువలో నీళ్లొచ్చాయి. నీళ్లకు పదడుగులు ముందు ముత్యం నడుస్తున్నాడు, పారతో తుంగ, చెత్త పక్కకు లాగేస్తూ. కొత్త చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. గట్టు సన్నగా ఉంది, ఇద్దరు పట్టరు. ఏడుకొండలు బురదలోకి దిగి దారి ఇచ్చాడు.

"నీళ్లొచ్చినయ్ అన్నా, మడవ ఇప్పు" అన్నాడు ముత్యం, ఆగకుండానే.

ఏడుకొండలు వంగి, మడవకు అడ్డంగా ఉన్న మట్టిని రెండు చేతులతో తీసేశాడు.